నాష్‌విల్ కోడి కారం కథ

అమెరికాలోని టెనెసీ రాష్ట్రానికి రాజధాని నాష్‌విల్. కంట్రీ సంగీతానికి పుట్టిల్లని పేరున్న ఊరు. 1943 నుంచి 1974 దాకా అక్కడి రైమన్ ఆడిటోరియంలో ‘గ్రాండ్ ఓల్ ఓప్రీ’ కచేరీలు జరిగేవి. శనివారం రాత్రి కచేరీ ముగిశాక గాయకులు కొందరు అదే దుస్తుల్లో ఒక చిన్న చికెన్ కొట్టుకి బయల్దేరేవారు. ఆ కొట్టు పేరు ‘బీబీక్యూ చికెన్ షాక్’. యజమాని థార్న్‌టన్ ప్రిన్స్ అనే నల్లజాతీయుడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక గదిలో కూర్చుని తినకూడదన్న కట్టుబాటు అమెరికా దక్షిణాదిలో గట్టిగా సాగుతున్న రోజులవి. తెల్లవాళ్ల హోటళ్లలో నల్లవాళ్లకి పెరటి గుమ్మం దగ్గర పొట్లం కట్టిస్తే గొప్ప. ప్రిన్స్ కొట్టులో పద్ధతి తిరగబడింది. ముందు గది నల్లవాళ్లది. తెల్లవాళ్లు ఎంత పేరున్న గాయకులైనా వెనకనుంచి వచ్చి, వేరే గదిలో కూర్చోవాలి. వాళ్లు మారుమాట లేకుండా అలాగే వచ్చి కూర్చునేవారు. ఎర్రటి కారం నూనె కారుతున్న ఆ కోడి ముక్కలు ఊళ్లో మరెక్కడా దొరికేవి కావు మరి.

ఇవాళ ప్రపంచమంతా ‘నాష్‌విల్ హాట్’ అంటున్న రుచి అదే. ఆ పేరుతో శాండ్‌విచ్‌లు అమ్మే దుకాణాలు వేలల్లో ఉన్నాయి. నూనెలో వేయించే పని లేకుండా ఓవెన్‌లో కాల్చుకునే పద్ధతి ఇళ్లలోకీ వచ్చేసింది. దీన్ని పుట్టించి, ఎవరూ పట్టించుకోని ఏళ్లలో కాపాడుకొచ్చినవాళ్లు ఒక నల్లజాతి కుటుంబం, వాళ్ల పేటలోని జనం. ఆ పని భుజాన వేసుకున్నవాళ్లలో స్త్రీల వాటా చాలా పెద్దది.

మొదటి స్త్రీ పేరు మాత్రం మిగల్లేదు. ప్రిన్స్ కుటుంబం తరతరాలుగా చెప్పే కథ 1930ల నాటిది. థార్న్‌టన్ పొడగరి, అందగాడు. ఆడవాళ్ల వెంట తిరిగే అలవాటు ఉండేదట. ఒక శనివారం రాత్రంతా బయట గడిపి తెల్లారాక ఇంటికొచ్చాడు. అతని ప్రియురాలు పల్లెత్తు మాట అనకుండా పొయ్యి వెలిగించి, అతనికి ఇష్టమైన కోడి వేపుడు చేసిపెట్టింది. కాకపోతే చేతికందిన కారమంతా అందులో కుమ్మరించింది. కళ్లమ్మట నీళ్లు కారి కాళ్లబేరానికి వస్తాడనుకుంటే, అతను లొట్టలేసుకుంటూ తిని ఇంకా పెట్టమన్నాడు. అన్నదమ్ములకి రుచి చూపించాడు. కొన్నాళ్లకి వాళ్లంతా కలిసి కొట్టు పెట్టారు. కథలో ఎంత నిజముందో తేల్చే కాగితం ఏదీ లేదు. ప్రతి నోటా కథ ఇలాగే వినిపిస్తుంది, ప్రతిసారీ ఆ ప్రియురాలు పేరు లేకుండానే కథలోంచి తప్పుకుంటుంది. లాభం కొట్టు పెట్టినవాళ్లకి దక్కింది. వంట కనిపెట్టిన చేతికి ఏం దక్కిందో చెప్పడానికి ఎవరూ లేరు.

అసలు కోడి వేపుడు నల్లజాతి స్త్రీలకి అంతకుముందు నుంచే జీవనాధారం. వర్జీనియాలో గోర్డన్స్‌విల్ అనే రైల్వే జంక్షన్ ఉంది. అమెరికా అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక అక్కడి నల్లజాతి స్త్రీలు వేయించిన కోడి ముక్కలు, బిస్కట్లు, కాఫీ పళ్లాల్లో సర్ది, నెత్తిన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద తిరిగేవారు. అప్పటి రైళ్లలో భోజనం పెట్టెలు లేవు. బండి ఆగగానే ప్రయాణికులు కిటికీల్లోంచి చేతులు చాచి కొనుక్కునేవారు. ఆ డబ్బుతో కొందరు సొంత ఇళ్లు కట్టుకున్నారు. పరిశోధకురాలు సైకీ విలియమ్స్ ఫోర్సన్ 2006లో ఈ స్త్రీల చరిత్రతో తెచ్చిన పుస్తకానికి ‘బిల్డింగ్ హౌసెస్ అవుట్ ఆఫ్ చికెన్ లెగ్స్’ అని పేరు పెట్టడానికి కారణం అదే.

ఆ తర్వాతి తరాల్లోనూ కోడి వేపుడు నల్లజాతి కుటుంబాల్లో ప్రయాణపు తిండి. దారిలో హోటళ్లు లోపలికి రానివ్వవు కాబట్టి, వేయించిన ముక్కలూ బ్రెడ్డూ చెప్పుల అట్టపెట్టెలో సర్దుకుని బండెక్కేవారు. బాగా వేగిన ముక్క ఐసు లేకున్నా ఒక పూట నిలవుంటుంది. ఇక కోడిమాంసం అంటే చాలాకాలం ఆదివారపు విందే. 1923లో డెలవేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే గృహిణి గుడ్ల కోసం 50 కోడిపిల్లలు తెప్పించుకోబోతే పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాటిని తిప్పి పంపకుండా పెంచి మాంసానికి అమ్మింది. కోళ్లని మాంసం కోసమే పెంచే పరిశ్రమకి అక్కడే అంకురం పడిందంటారు. ప్రిన్స్ సోదరుల కొట్టు నాటికి కోడి ధర ఇంకా చౌక కాలేదు గానీ, ఆ దిశగా అడుగులు పడ్డాయి.

ప్రిన్స్ కొట్టులో ముక్క వడ్డించే తీరు ఒకటే. కింద తెల్ల బ్రెడ్ ముక్కలు, వాటిమీద ఎముకతో సహా వేయించిన కోడి, పైన ఉప్పులో ఊరిన దోసకాయ చక్రాలు. వేగిన ముక్కకి కేయిన్ మిరపకారం, కొవ్వు కలిపిన ముద్దని పట్టిస్తారు. ఆ నూనె కిందికి దిగి బ్రెడ్‌ని ఎర్రగా, మెత్తగా నానబెడుతుంది. అలవాటున్నవాళ్లు కోడి అయిపోయాక ఆ బ్రెడ్‌ని ఇష్టంగా తింటారు. ఆ బ్రెడ్డుకీ ఒక తేదీ ఉంది. ఓటో రోవెడర్ తయారుచేసిన బ్రెడ్ కోసే యంత్రంతో ముక్కల బ్రెడ్ అమ్మకం మిసోరీలోని చిల్లికోతీలో 1928 జులై 7న మొదలైంది. నాలుగైదేళ్లు తిరక్కుండానే అది దేశమంతా చౌకగా దొరికింది. చిన్న కొట్టుకి ప్లేట్లు కడిగే పని తప్పించి, నూనె పీల్చి, కారం మంటని కాస్త తగ్గించే సరుకు సరిగ్గా వేళకి చేతికొచ్చింది. పుల్లటి దోస ముక్క నోటిని తేటపరుస్తుంది.

కొట్టు తెరిచేదీ సాయంత్రం తర్వాతే. సోదరులకి పగలు వేరే పనులుండేవి. అర్ధరాత్రి దాటి తెల్లవారుజాము దాకా పొయ్యి ఆరేది కాదు. పాటకచేరీల నుంచి వచ్చేవాళ్లు, రాత్రి పనులు ముగించుకున్నవాళ్లు, నాట్యశాలల నుంచి ఇంటిదారి పట్టినవాళ్లు గిరాకీ. తెల్ల నాష్‌విల్‌లో ఎక్కువమందికి ఈ వంట ఉందనే తెలియదు. ఊళ్లోని నల్లజాతి పేటల్లో మాత్రం తెలియనివాళ్లు లేరు.

కొట్టు ఒకచోట నిలకడగా ఉండలేకపోయింది. ఆ తరలింపులు నాష్‌విల్ నల్లజాతి పేటల చరిత్రతో ముడిపడ్డాయి. మొదటి కొట్టు ఊరికి ఉత్తరాన జెఫర్సన్ స్ట్రీట్ ప్రాంతంలో. తర్వాత అది రైమన్‌కి దగ్గర్లోని ‘హెల్స్ హాఫ్ ఏకర్’ అనే పేదల పేటకి వచ్చింది. ఓప్రీ గాయకులు అలవాటు పడింది ఇక్కడే. రాష్ట్ర శాసనసభ కొండ దిగువనున్న ఆ పేటని మురికివాడ అని తీర్మానించి, 1949 నాటి గృహనిర్మాణ చట్టం కింద ప్రభుత్వం నేలమట్టం చేసింది. దేశంలోనే తొలి పట్టణ పునరుద్ధరణ పథకాల్లో అదొకటి. ఇళ్లూ చర్చిలూ దుకాణాలూ పోయి ఆ స్థలంలో పచ్చికబయళ్లు, వెడల్పాటి రోడ్లు, కార్యాలయాలు వచ్చాయి.

జెఫర్సన్ స్ట్రీట్ పరిస్థితీ అంతే. ఫిస్క్ విశ్వవిద్యాలయం, మెహారీ వైద్య కళాశాల, టెనెసీ ఎ అండ్ ఐ విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతమది. చదువుకున్న నల్లజాతి మధ్యతరగతికి గుండెకాయ. అక్కడి క్లబ్ డెల్ మొరాకోలో 1960ల తొలినాళ్లలో కుర్రాడు జిమీ హెండ్రిక్స్ గిటార్ వాయించాడు. ఆ వీధి నడుమనుంచే ఇంటర్‌స్టేట్ 40 రహదారి వేయాలని నిర్ణయమైంది. పేటవాసులు 1967లో కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. వందల ఇళ్లు, పదుల దుకాణాలు, చర్చిలు కూలాయి. మిగిలిన వీధుల్లో చాలావాటికి ఎదురుగా గోడ లేచి దారి తెగిపోయింది. పాటకచేరీల రద్దీతో బతికే రాత్రి వ్యాపారాలు ఆ దెబ్బకి తిరిగి కోలుకోలేదు.

ఇదే పేట విద్యార్థులు అంతకు ఏడేళ్ల ముందు దేశాన్ని కదిలించారు. 1960 ఫిబ్రవరి 13న వాళ్లు శుభ్రమైన దుస్తులు వేసుకుని, పుస్తకాలు చేతపట్టుకుని, ఊరి నడిబొడ్డున వూల్‌వర్త్, క్రెస్, మెక్‌లెల్లన్ దుకాణాల్లోని లంచ్ కౌంటర్ల ముందు కూర్చున్నారు. శాండ్‌విచ్, కాఫీ అమ్మే ఎత్తు స్టూళ్ల బల్లలవి. నల్లవాళ్లు ఆ దుకాణంలో సబ్బు కొనుక్కోవచ్చు, ఆ స్టూలు మీద మాత్రం కూర్చోకూడదు. జేమ్స్ లాసన్ దగ్గర అహింసా పద్ధతుల్లో తర్ఫీదు పొందిన డయాన్ నాష్, జాన్ లూయిస్ వంటివాళ్లు తన్నులు తిన్నారు, జైళ్లకెళ్లారు. లాసన్ అంతకుముందు భారతదేశంలో ఉండి గాంధీ సత్యాగ్రహాన్ని అధ్యయనం చేసిన మనిషి. ఏప్రిల్ 19న విద్యార్థుల తరఫు న్యాయవాది అలెగ్జాండర్ లూబీ ఇంటిమీద బాంబు పడింది. ఆ రోజే వేలమంది మేయర్ కార్యాలయానికి నడిచారు. మెట్లమీద డయాన్ నాష్ నిలదీస్తే, కౌంటర్లలో వివక్ష తప్పేనని మేయర్ బెన్ వెస్ట్ ఒప్పుకోవాల్సి వచ్చింది. మే 10న ఆరు దుకాణాల కౌంటర్లు అందరికీ తెరుచుకున్నాయి. నాష్‌విల్‌లో బల్ల దగ్గర కూర్చుని ఒక శాండ్‌విచ్ తినడం వెనక ఇంత పోరాటం ఉంది.

కొట్టు చేతులు మారుతూ 1980లో ఆండ్రే ప్రిన్స్ జెఫ్రీస్‌కి వచ్చింది. థార్న్‌టన్ ఆమెకి తాత వరస. పిల్లల్ని పెంచుకుంటూ ఉద్యోగం చేసుకునే ఆమె పొయ్యి బాధ్యత తీసుకున్నాక రెండు మార్పులు తెచ్చింది. బీబీక్యూ అన్న పేరు తీసేసి ‘ప్రిన్సెస్ హాట్ చికెన్ షాక్’ అని పెట్టింది. బార్బెక్యూ అమ్మని కొట్టుకి ఆ పేరెందుకన్నది ఆమె వాదన. రెండోది కారంలో మెట్లు. చప్పగా, కొంచెం, మధ్యస్థం, ఘాటు, మహా ఘాటు... ఎవరికి తగ్గది వాళ్లు ఎంచుకోవచ్చు. కొట్టులో కిటికీ దగ్గర పేరు చెప్పి డబ్బు కట్టాలి. ముక్క అప్పటికప్పుడు ఇనప మూకుళ్లలో వేగాలి కాబట్టి అరగంటో గంటో ఎదురుచూడాలి. న్యాయవాదీ లారీ డ్రైవరూ ఒకే వరసలో నిలబడేవారు.

ప్రిన్స్ కొట్టులో పనిచేసిన బోల్టన్ పోక్ బయటికొచ్చి కొలంబోస్ అనే కొట్టు పెట్టాడు. ఆయన కుటుంబీకులే 1990ల చివర్లో తూర్పు నాష్‌విల్‌లో ‘బోల్టన్స్ స్పైసీ చికెన్ అండ్ ఫిష్’ తెరిచారు. ఆ కారం ముద్దలో ఏమేం పడతాయో ఇప్పటికీ ఏ ఇంటి రహస్యం ఆ ఇంటిదే. ఇలా రెండు మూడు కుటుంబాల చేతుల్లో దాదాపు 70 ఏళ్లు ఈ వంట పేట దాటకుండా బతికింది.

పేట దాటించడంలో బిల్ పర్సెల్‌కి పాత్ర ఉంది. 1999 నుంచి 2007 దాకా నాష్‌విల్ మేయర్‌గా ఉన్న ఆయన ప్రిన్స్ కొట్టుకి పాత గిరాకీ. ‘మ్యూజిక్ సిటీ హాట్ చికెన్ ఫెస్టివల్’ అనే పండగని 2007 జులై 4న మొదలుపెట్టించాడు. 2012లో తెల్లజాతి యజమానుల చికెన్ హోటల్ హాటీ బీస్ తెరుచుకుంది. విశాలమైన చోటు, బీరు, పర్యాటకుల వరసలు. 2013లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ ప్రిన్స్ కొట్టుకి ‘అమెరికాస్ క్లాసిక్స్’ పురస్కారమిచ్చింది. 2016 జనవరిలో కెఎఫ్‌సీ దేశమంతటా నాష్‌విల్ హాట్ చికెన్‌ని దించింది. పేరులో ఊరు నిలిచింది, కుటుంబం పేరు లేదు. ఆ ఏడే ప్రిన్స్ కుటుంబం దక్షిణ నాష్‌విల్‌లో రెండో కొట్టు తెరిచింది. 2018 డిసెంబరులో వాళ్ల పాత కొట్టున్న భవనంలోకి ఒక కారు దూసుకొచ్చి మంటలు రేగడంతో అది మూతపడింది. కుటుంబం ఆగలేదు, రెండో కొట్టుతో వ్యాపారం కొనసాగించింది.

ఎముకతో తినే ఈ ముక్క రెండు చేతుల శాండ్‌విచ్‌గా మారడానికి దారి మరోచోట నుంచి వచ్చింది. జార్జియాలోని హేప్‌విల్‌లో 1946 నుంచి చిన్న హోటల్ నడుపుతున్న ట్రూయెట్ కేథీకి, విమాన భోజనాల కొలతకి కుదరని ఎముకల్లేని రొమ్ము ముక్కలు ఒక కోళ్ల వ్యాపారి దగ్గర దొరికాయి. వాటిని ప్రెషర్‌లో త్వరగా వేయించి, వెన్న రాసిన బన్ మధ్య రెండు దోస ముక్కలతో పెట్టి అమ్మాడు. 1967లో అట్లాంటాలోని గ్రీన్‌బ్రయర్ మాల్‌లో ఆయన మొదటి చిక్‌ఫిలే హోటల్ వెలిసింది. ఎముకల్లేని రొమ్ము ముక్క తేలిగ్గా దొరికే కాలం వచ్చాక కోడి శాండ్‌విచ్ ఎవరైనా చేయగల వస్తువైంది. 2017లో లాస్ ఏంజెలెస్‌లోని ఈస్ట్ హాలీవుడ్‌లో నలుగురు స్నేహితులు 900 డాలర్లతో పార్కింగ్ స్థలంలో బల్ల వేసి నాష్‌విల్ కారం పట్టించిన కోడి అమ్మారు. అదే డేవ్స్ హాట్ చికెన్. 2025 జూన్‌లో ఆ సంస్థలో మెజారిటీ వాటాని రోర్క్ క్యాపిటల్ కొన్నప్పుడు దాని విలువ దాదాపు వంద కోట్ల డాలర్లని లెక్కకట్టారు. కారాన్ని పుట్టించిన పేటకి ఇందులో వాటా లేదు.

ఇళ్లలో ఓవెన్ దారి వేరే ఉంది. 1965లో జనరల్ ఫుడ్స్ సంస్థ ‘షేక్ ఎన్ బేక్’ అనే పొట్లం అమ్మకానికి పెట్టింది. మసాలా కలిపిన బ్రెడ్ పొడి సంచిలో వేసి, తడి కోడి ముక్కలు అందులో కుదిపి, ట్రేలో సర్ది ఓవెన్‌లో పెట్టాలి. మూకుడు నిండా నూనె కాచే పని తప్పింది, స్టౌ చుట్టూ నూనె చిందే బాధా తప్పింది. ఇవాళ ఇళ్లలో కాల్చుకునే కరకరలాడే చికెన్ అంతా ఆ పద్ధతికి కొనసాగింపే.

వేడి నూనె ముక్కని అన్ని వైపులా ఒకేసారి తాకి పైపొరలోని తడిని క్షణాల్లో ఆవిరి చేస్తుంది. ఓవెన్‌లో వేడి గాలి ఆ పని నిదానంగా చేస్తుంది. అందుకే బ్రెడ్ పొడినో నలిపిన కార్న్‌ఫ్లేక్స్‌నో ముందే చెంచాడు నూనెతో పెనం మీద బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తారు. లేకపోతే ముక్క ఉడికేసరికి పొర పాలిపోయి ఉంటుంది. రొమ్ము ముక్కని అంగుళంలో సగం మందానికి సమంగా కొట్టి, ఉప్పు కలిపిన మజ్జిగలో కొన్ని గంటలు నానబెట్టి, పిండి, గుడ్డు, వేయించిన పొడి ఒకదాని తర్వాత ఒకటి పట్టించాలి. ట్రే మీద జాలీ పెట్టి దానిమీద ముక్క ఉంచితే అడుగు కూడా తడి పట్టకుండా కరకరలాడుతుంది. 220 డిగ్రీల సెల్సియస్‌లో దాదాపు 20 నిమిషాలు. లోపలి వేడి 74 డిగ్రీలు చేరితే కోడి నిక్షేపంగా ఉడికినట్టు.

కారం మాత్రం ఓవెన్‌లోకి వెళ్లకూడదు, అక్కడ మాడి చేదెక్కుతుంది. గిన్నెలో కారప్పొడి, వెల్లుల్లిపొడి, కాస్త బెల్లం వేసి, వేడి నూనె పోసి కలిపి, ముక్క బయటికొచ్చాక బ్రష్‌తో పట్టించాలి. తెలుగింట కారం మీద కాగిన నూనె పోయడం రోజూ చేసే పనే, కాబట్టి ఈ మెట్టు ఎవరూ నేర్పక్కర్లేదు. మిరప ఘాటుకి మూలమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే నూనె ఆ ఘాటుని ముక్కంతటా సమంగా పరుస్తుంది, నోరు మండితే నీళ్ల కంటే పాలే పనికొస్తాయి. నాలుక మీద వేడినీ మిరపనీ ఒకటిగా గుర్తించే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ పురస్కారం పంచుకున్నాడు.

మిరప అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు నావల మీద 16వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చి, కృష్ణా తీరపు నల్లరేగడిలో వేళ్లూనింది. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. నాష్‌విల్ కేయిన్ దొరకని తెలుగింట గుంటూరు సన్నం కారం ఘాటులో దానికి దగ్గరగా నిలుస్తుంది. రంగు కోసం కాస్త కాశ్మీరీ మిరప కలిపితే చాలు. తేజ మిరప అయితే ఇంకా మండుతుంది, పాళ్లు తగ్గించుకోవాలి. ఇంట్లో వాడే కోడి ముక్క, పొర, పొయ్యి ప్రిన్స్ కొట్టువి కావు. కానీ చివర పట్టించే కారం నూనె, అడుగున తెల్ల బ్రెడ్, పైన పుల్లటి దోస ముక్కలు మాత్రం 1930ల నుంచి ఆ కొట్టులో ఉన్నట్టే ఉన్నాయి. ఇంటి శాండ్‌విచ్‌కి ‘నాష్‌విల్’ అని పేరు పెట్టుకునేవాళ్లు పక్కనే ప్రిన్స్ కుటుంబం పేరు కూడా చెప్పడం న్యాయం.